కలివి కోడిని కనిపెట్టింది ఎవరు?

కామెంట్లలో చాలామంది అడుగుతున్నారు, "అన్నా, ఎప్పుడూ రాజులు, కోటలేనా? మన దగ్గరి జంతువుల చరిత్ర ఏమీ లేదా?" అని. ఉంది. ఈ రోజు అదే. కోట లేదు, రాజు లేడు. జానెడుకి కాస్త ఎక్కువ పొడవుండే ఒక పిట్ట, దాన్ని వెతికిన మనుషులు, అంతే.

దాని పేరు కలివి కోడి. కలివి అంటే వాక్కాయ చెట్టు. మన జంక్షన్ వైపు పప్పులో వేసుకునే పుల్లటి వాక్కాయ ఉందే, ఆ ముళ్లపొద. ఆ పొదల మధ్య తిరిగే పిట్ట కాబట్టి కలివి కోడి. ఇంగ్లీషు పుస్తకాల్లో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. పేరు చూస్తే జెర్డాన్ అనే ఆయన కనిపెట్టాడు అనిపిస్తుంది. నిజంగా ఆయనేనా? ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు పిట్టని ఊహించుకోండి. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. కాళ్లు సన్నగా పొడుగ్గా, కళ్లు పెద్దవి. గొంతు కింద ఒకటి, రొమ్ము మీద ఒకటి, రెండు గోధుమరంగు పట్టీలు. దాని శాస్త్రీయ నామంలో ఉన్న బైటార్‌క్వేటస్ అనే మాటకి అర్థం కూడా అదే, రెండు కంఠపట్టీలు ఉన్నది అని. ఎగరగలదు, కానీ ఎక్కువగా నేల మీద పరిగెత్తుతుంది. చెదలు, చీమలు, చిన్న పురుగులు తింటుంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఇది రాత్రి తిరిగే పిట్ట. పగలు ముళ్లపొద నీడలో కదలకుండా కూర్చుంటే, పక్క నుంచి నడిచి వెళ్లినా కనపడదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

థామస్ కావర్‌హిల్ జెర్డాన్ 1811లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో డాక్టర్. ఉద్యోగం వైద్యం, పిచ్చి మాత్రం జంతువులు, పక్షులు. కొన్నాళ్లు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా చేశాడు. అక్కడ ఆయనకి యానాదులతో పరిచయం. తూర్పు కనుమల్లో ఏ జంతువు ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎప్పుడు బయటికొస్తుంది అనే సమాచారం వాళ్ల దగ్గర సేకరించాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. యానాదులు అంటే మన కృష్ణా డెల్టా వాళ్లకి కొత్తేమీ కాదు. హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ రోడ్డు పట్టుకుని వెళ్తే రెండు వైపులా వరి చేలే. చేలో ఎలుకలు పడితే రైతు ఎవరిని పిలుస్తాడు? యానాదులనే. గట్టు మీద బొరియ చూసి లోపల ఎలుక ఉందో లేదో, తప్పించుకునే దారి ఎటుందో చెప్పేస్తారు. దీన్ని మనం కూలిపని అంటాం. ఇదే పని ఒక పరిశోధకుడు చేసి జర్నల్‌లో రాస్తే ఫీల్డ్ ఎకాలజీ అంటాం. నాకు ఈ తేడా ఎప్పుడూ మింగుడుపడదు.

సరే, జెర్డాన్ దగ్గరికి వద్దాం. ఆయన సేకరించిన పక్షి నమూనా కలకత్తా వెళ్లింది. అక్కడ ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకునే ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దాన్ని కొత్త జాతిగా ప్రకటించాడు. అంటే శాస్త్ర లోకం లెక్కలో ఈ పిట్ట పుట్టింది 1848లో. కానీ నాటి ఇంగ్లీషు పుస్తకాల్లోనే దీనికి ఒక తెలుగు పేరు రాసిపెట్టారు: అడవి ఉత్తతిత్తి. ఉత్త అంటే ఖాళీ, తిత్తి అంటే సంచి. అడవిలోని ఖాళీ సంచి! ఎందుకలా పిలిచారో ఎవరి ఊహ వాళ్లది. కానీ ఒక లాజిక్ చూడండి. ఒక పిట్టకి ఊళ్లో పేరుంది అంటే, ఊళ్లో వాళ్లు దాన్ని మిగతా పిట్టల నుంచి వేరుచేసి గుర్తుపడుతున్నారని అర్థం. కొత్త జాతిని గుర్తించడం అంటే కూడా అదే కదా.

ఆ కాలంలో ఇది జెర్డాన్ ఒక్కడికే జరిగిన కథ కాదు. చిన్న పక్కదారి పడతాను, ఏమనుకోకండి. వాల్టర్ ఇలియట్ అని ఇంకో కంపెనీ అధికారి ఉన్నాడు. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి శిల్పాలు బయటికి తీయించింది ఆయనే. అవి చాలావరకు ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆయన పేరు మీద ఒక జంతువు కూడా ఉంది. చూస్తే అచ్చం ఉడత. కానీ ఉడత కాదు, ట్రీ ష్రూ అనే వేరే జాతి. కడప, నెల్లూరు మధ్య కొండల్లో దొరికిన నమూనాతోనే దానికి పేరు పెట్టారు: అనతానా ఎల్లియోటి. రెండో మాట ఇలియట్‌ది. మొదటి మాట ఎక్కడిదో తెలుసా? తమిళంలో దాన్ని మూంగిల్ అణత్తాన్ అంటారు, వెదురు ఉడత అని. అందులోంచి తీసుకున్నారు. పేరుకి ట్రీ అని ఉంది కానీ పురుగుల కోసం ఎక్కువసేపు నేల మీదే తిరుగుతుంది. మన కొండల్లో ఉన్నా దాని మీద జరిగిన అధ్యయనాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫోన్ ఉన్న వాళ్లకి మంచి పని అది. ఇంకో రోజు మాట్లాడుకుందాం.

కలివి కోడి. 1848 తర్వాత రెండు మూడు దశాబ్దాల్లో బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గోదావరి లోయలో, భద్రాచలం, సిరోంచ వైపు దాన్ని చూశాడు. 1900లో హోవార్డ్ క్యాంప్‌బెల్ అనే ఆయన పెన్నా లోయలో, అనంతపురం దగ్గర చూశాడు. ఆ తర్వాత ఏమీ లేదు. దశాబ్దాల తరబడి ఒక్క రికార్డు కూడా లేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, పిట్ట జాడ లేదు. సలీం అలీ లాంటి పెద్దాయన వెతికించినా, అమెరికా నుంచి వచ్చిన పక్షి శాస్త్రవేత్తలు వెతికినా దొరకలేదు. అంతరించిపోయి ఉంటుందని చాలామంది అనేసుకున్నారు.

నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేశాను. అక్కడ మొదట నేర్పే పాఠం ఒకటుంది. టెస్ట్ రన్ చేస్తే బగ్ కనపడలేదు అంటే, బగ్ లేదని కాదు. నీ టెస్ట్ ఆ బగ్‌ని పట్టుకునేలా లేదేమో చూసుకో అని. రాత్రి తిరిగే పిట్టని పగలు బైనాక్యులర్లతో వెతికితే ఎన్నేళ్లు వెతికినా రిజల్ట్ సున్నానే వస్తుంది. ఆ సున్నాని చూసి "పిట్ట లేదు" అని రాసేస్తే డేటా అబద్ధం చెప్పినట్టు కాదు, అడిగిన ప్రశ్నే సరిగ్గా లేనట్టు.

1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ మళ్లీ వెతుకులాట మొదలుపెట్టింది. ఈసారి భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప వైపు వచ్చాడు. ఆయన పద్ధతి వేరు. పిట్ట బొమ్మ చేత్తో పట్టుకుని ఊళ్లలో తిరిగాడు. పిట్టలు పట్టేవాళ్లని, పశువులు కాసేవాళ్లని, వేటగాళ్లని అడిగాడు. ఇలాంటి పిట్టని చూశారా, చూస్తే ఎక్కడ, ఎప్పుడు, ఏమంటారు దీన్ని? చూశామన్నారు. కలివి కోడి అన్నారు. రాత్రిపూట కనపడుతుంది అన్నారు.

1986 జనవరి. కడప జిల్లాలో లంకమల కొండల కింద రెడ్డిపల్లి దగ్గర, ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రి టార్చి లైటుతో తిరుగుతున్నాడు. వెలుగు కళ్లలో పడితే కొన్ని జంతువులు, పిట్టలు కదలకుండా నిలబడిపోతాయి. అలా నిలబడిపోయిన పిట్టని ఐతన్న చేత్తో పట్టుకున్నాడు. బొమ్మలో ఉన్నదే ఇది అని గుర్తుపట్టాడు. చంపలేదు, తినలేదు, అమ్మలేదు. ఉంచి కబురు పంపాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత ఆ పిట్ట మళ్లీ ఉనికిలోకి వచ్చింది.

కబురు బొంబాయి చేరింది. సలీం అలీకి అప్పటికి 89 ఏళ్లు. జీవితమంతా పక్షుల మీదే గడిపిన మనిషి. ఆ వార్త ఆయనకి ఎలా అనిపించి ఉంటుందో ఆలోచించండి. మరుసటి ఏడాదే ఆయన చనిపోయారు. విషాదం ఏంటంటే, పట్టుబడిన పిట్ట కొద్ది రోజులే బతికింది. దాన్ని ఏం పెట్టి పెంచాలో, ఎలా ఉంచాలో తెలిసినవాళ్లు ప్రపంచంలోనే లేరు అప్పటికి. తర్వాత అదే ప్రాంతంలో రాత్రిళ్లు వెతికితే ఇంకొన్ని బతికున్నవి కనిపించాయి.

ఇంటర్నెట్‌లో "జెర్డాన్స్ కోర్సర్‌ని ఎవరు మళ్లీ కనిపెట్టారు" అని కొట్టి చూడండి. చాలా చోట్ల సంస్థ పేరు వస్తుంది, శాస్త్రవేత్త పేరు వస్తుంది. ఐతన్న పేరు కొన్ని చోట్ల ఒక వాక్యంలో ఉంటుంది, కొన్ని చోట్ల "స్థానికుడు ఒకరు" అని ఉంటుంది. భూషణ్ చేసింది చిన్న పని అని నేను అనట్లేదు. సరైన మనుషుల్ని సరైన ప్రశ్న అడగడం చాలా పెద్ద పని, ఆయన కంటే ముందు వచ్చినవాళ్లు చెయ్యనిది అదే. కానీ ఈ రోజు మనం సిటిజన్ సైన్స్ అని కొత్త పేరు పెట్టి మురిసిపోయేది, పెన్నా ఒడ్డున 1986లోనే జరిగింది. పేరు మాత్రం లేదు.

మన చుట్టుపక్కల కూడా ఇలాంటి కథ ఒకటి ఉంది. 1946లో కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతులు గుంపుగా గూళ్లు పెట్టడం చూసి రికార్డు చేశారు. గూడబాతు అంటే పెలికాన్. ఆయన మలయాళీ, వృత్తిరీత్యా ఇంగ్లీషు పాఠాలు చెప్పే మాస్టారు, పక్షి శాస్త్రంలో డిగ్రీ ఏమీ లేదు. ఊరివాళ్లకి ఆ పక్షులు ఎప్పటినుంచో తెలుసు. బయటి ప్రపంచానికి తెలియడానికి ఒక మాస్టారు వచ్చి రాయాల్సి వచ్చింది. ఇప్పుడు గూడబాతుల్ని చూడాలంటే జంక్షన్ నుంచి కైకలూరు వెళ్లి ఆటపాక చెరువు చూడండి, చలికాలంలో. బాగుంటుంది.

కడపకి వెళ్దాం మళ్లీ. పిట్ట దొరికింది, ఇక అసలు గొడవ మొదలైంది. దాని ఇల్లు ఎక్కడ? పెద్ద చెట్ల అడవి కాదు. చిట్టడవి. ముళ్లపొదలు, మధ్యలో ఖాళీ నేల, గులకరాళ్లు. రెవెన్యూ భాషలో చెప్పాలంటే చాలాసార్లు బంజరు భూమి. పులి ఉన్న అడవిని కాపాడండి అంటే అందరికీ అర్థమవుతుంది. ముళ్లపొదల్ని కాపాడండి అంటే నవ్వుతారు. అయినా 1988లో లంకమల ప్రాంతాన్ని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. ఈ పిట్ట కోసమే. దాదాపు 464 చదరపు కిలోమీటర్లు.

అదే ప్రాంతం మీదుగా తెలుగుగంగ కాలువ రావాలి. ఇక్కడ నేను ఒక పక్షం తీసుకుని రెండో పక్షాన్ని విలన్ చెయ్యలేను. మనం డెల్టా వాళ్లం. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువల్లో నీళ్లు వస్తేనే మన ఊళ్లు, మన అన్నం. కడప రైతుకి అదే నీళ్లు కావాలంటే వద్దనే హక్కు మనకెక్కడిది? కానీ 2005లో పిట్ట ఉన్న చిట్టడవిలో యంత్రాలతో తవ్వకం జరిగినప్పుడు పరిశోధకులు గగ్గోలు పెట్టారు. విషయం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా వెళ్లింది. చివరికి కాలువ దారి మార్చారు. కాలువ ఆగలేదు, పక్కకి జరిగింది. ఇలాంటి ముగింపు మన దేశంలో అరుదు కాబట్టి చెప్పుకోవాలి.

తవ్వేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏంటి? "ఇక్కడ పిట్ట ఉందని రుజువేది?" రాత్రి తిరిగే, మనిషిని చూస్తే కదలని, సంఖ్యలో చాలా తక్కువగా ఉన్న పిట్ట ఫలానా చోట ఉందని ఎలా నిరూపిస్తారు? ఇక్కడ పి. జగన్నాథన్ అనే పరిశోధకుడు, ఆయన బృందం ఏం చేశారో చూడండి. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇది.

పొదల మధ్య ఖాళీ నేలలో ఐదు మీటర్ల పొడవున సన్నటి పట్టీలా చదును చేసి, జల్లించిన మెత్తటి మట్టి పరిచారు. రాత్రి దాని మీదుగా ఏం నడిచినా అడుగు పడుతుంది. పొద్దున్నే వెళ్లి చూడాలి. చూశాక మళ్లీ చదును చెయ్యాలి. మర్నాడు మళ్లీ వెళ్లాలి. అంతే. జీపీఎస్ కాలర్ లేదు, డ్రోన్ లేదు. మన అమ్మమ్మలు వాకిట్లో ముగ్గు వేసిన పొద్దున ఏ కోడి నడిచిందో, ఏ పిల్లి వచ్చిందో చెప్పేస్తారు కదా, అదే సూత్రం. కలివి కోడి పాదానికి ముందు మూడు వేళ్లే, వెనక వేలు ఉండదు. చితవలాంటి వేరే నేల పిట్టల అడుగులతో పోల్చి, కొలిచి, ఏది ఏదో తేల్చారు. కొన్ని చోట్ల ఆటోమేటిక్ కెమెరాలు పెట్టి సరిచూసుకున్నారు. 2002లో ఈ పద్ధతి మీద పేపర్ వచ్చింది.

ఆ మట్టి పట్టీల లెక్కల్లోంచే ఇంకో సంగతి బయటపడింది. రెండు మీటర్లకి మించిన పెద్ద పొదలు హెక్టారుకి సుమారు 300 నుంచి 700 ఉన్న చోట ఈ పిట్ట ఎక్కువగా ఉంటుంది. మరీ పలచగా ఉంటే ఉండదు, మరీ దట్టంగా ఉన్నా ఉండదు. అంటే చిట్టడవిని మొత్తం నరికి నిమ్మతోట వేస్తే పిట్ట పోతుంది. కంచె కట్టి ఎవర్నీ రానివ్వకుండా పొదలు దట్టంగా ఎదగనిస్తే కూడా పోవచ్చు. ఊరివాళ్లు కాస్త మేపుకోవడం, కాస్త కట్టెలు కొట్టుకోవడం ఈ పిట్టకి శత్రువు కాకపోవచ్చు. "మనుషుల్ని బయటికి పంపితే అడవి బాగుపడుతుంది" అని మనం సులువుగా అనేసే మాట ఇక్కడ చెల్లలేదు.

ఇక గొంతు. 1986 తర్వాత చాలా ఏళ్లు ఈ పిట్ట ఎలా కూస్తుందో కూడా ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఈ శతాబ్దం మొదట్లో జగన్నాథన్ బృందానికి మొదటి రికార్డింగ్ దొరికింది. రెండక్షరాల పిలుపు, ట్విక్ టూ, ట్విక్ టూ అన్నట్టు వరసగా. సూర్యుడు అస్తమించాక ముప్పావుగంట నుంచి గంట పైచిలుకు లోపల, కొద్ది నిమిషాలే పిలుస్తుంది. రోజుకి ఇరవై నాలుగు గంటల్లో ఆ కాసేపే మీకు అవకాశం. ఆ సమయంలో మీరు రీల్స్ చూస్తూ ఉంటే అయిపోయినట్టే.

మధ్యలో ఒక తమాషా. 2013లో స్కాట్లండ్‌లో అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలార్ బంగారు గనుల్లో పనిచేసిన మీటన్ అనే పశువైద్యుడు సేకరించింది. పాత మ్యూజియం నమూనా డీఎన్‌ఏతో పోల్చి చూస్తే కలివి కోడిదే అని తేలింది. చూడండి, 1900లోనే ఆగిపోయింది అనుకున్న రికార్డు నిశ్శబ్దంగా పదిహేడేళ్లు ముందుకి జరిగింది. దాదాపు వందేళ్లు ఒక పెట్టెలో ఉంది సాక్ష్యం.

ప్రపంచం మొత్తం మీద పెద్ద పక్షులు 50 నుంచి 249 మధ్యలో ఉండొచ్చని ఐయూసీఎన్ అంచనా. మన హనుమాన్ జంక్షన్ సెంటర్లో సాయంత్రం విజయవాడ బస్సు కోసం నిలబడే జనం అంత. పైగా ఈ శతాబ్దం మొదటి పదేళ్ల తర్వాత మళ్లీ నిశ్శబ్దం. మళ్లీ "పోయింది" అనే మాటలు. అప్పుడు 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు కడప ప్రాంతంలో రాత్రి తిరిగి, ఆ రెండక్షరాల పిలుపు విని రికార్డు చేశారు. 2000ల్లో పరిశోధకులు మోసుకుపోయిన పరికరాల కంటే మంచి మైకు ఇప్పుడు చాలామంది జేబులో ఉంది. ఎలాంటి పిలుపు కోసం, ఏ వేళప్పుడు చెవి పెట్టాలో పాత పరిశోధన వల్ల తెలుసు.

ఆ చోటు ఎక్కడ అని నన్ను అడగకండి. ఖచ్చితమైన చోటు బయటపెట్టరు, పెట్టకూడదు కూడా. ఇది మన తరానికి కష్టమైన విషయం. మనం ఏది చూసినా లొకేషన్ ట్యాగ్ చేసి స్టోరీ పెడతాం. ఒక అరుదైన పిట్ట లొకేషన్ పెడితే ఏమవుతుంది? వారం తిరక్కుండా యాభై బైకులు, స్పీకర్లో పిట్ట గొంతు పెట్టి పిలిచేవాళ్లు, ఫ్లాష్ లైట్లు. నేల మీద గుడ్డు పెట్టే పిట్ట అది. అందుకే ఈబర్డ్ లాంటి యాప్‌లలో ఇలాంటి సున్నితమైన జాతుల రికార్డు ఎంటర్ చేస్తే, ఎక్కడ చూశారో మిగతా జనానికి కనపడకుండా దాచే ఏర్పాటు ఉంటుంది. డేటా శాస్త్రానికి చేరుతుంది, గుంపు అడవికి చేరదు.

కడప, అన్నమయ్య, నెల్లూరు జిల్లాల్లో చూసేవాళ్లు మన ఛానెల్‌కి బాగానే ఉన్నారు, అనలిటిక్స్‌లో కనపడుతుంది. మీ ఇంట్లో గొర్రెలు కాసిన తాతయ్యో, కట్టెలకి వెళ్లిన అమ్మమ్మో ఉంటే, ముందు ఫోన్లో ఈ పిట్ట బొమ్మ చూపించి అడగండి. పేరు మీరు చెప్పొద్దు, వాళ్లనే చెప్పనివ్వండి. ఏ ఏడాది, ఏ వైపు, పగలా రాత్రా అన్నీ రాసుకోండి, వాళ్ల గొంతు రికార్డు చేసుకోండి. చీకట్లో ఒక్కరే అడవిలోకి వెళ్లొద్దు, అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అసలు వెళ్లొద్దు. ఊరి చివర నిలబడి పొద్దుగూకాక గంటసేపు వినడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏదైనా వినపడితే రికార్డు చేసి అటవీ శాఖ వాళ్లకి ఇవ్వండి, కామెంట్లో ఊరి పేరు మాత్రం పెట్టకండి. పెడితే నేనే డిలీట్ చేస్తాను, ముందే చెప్తున్నాను.